సొర నూనె వాసన

మూడు నెలల కిందట గురువమ్మ కొంగు ముడి విప్పి, షెడ్డు తాళంచెవి కూతురి చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్ళుగా తీయని తలుపు అది. లోపల ఉన్నది ఆమె భర్త అసిరయ్య మోటారు సైకిలు, మిలటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్న పాత బండి. సిప్పీఘాట్ దిగుడులో బ్రేకు పట్టక, మలుపులో రాతి గోడకు కొట్టుకుని అతను పోయింది దాని మీదే. మనిషి ప్రాణం తీసుకున్న పడవను ఆ జాలర్ల కాలనీలో ఎవరూ మళ్ళీ నీట్లోకి దించరు. బండినీ అలాగే మూసి పెట్టేశారు. ఇప్పుడు సిప్పీఘాట్ నర్సరీలో పని దొరికిన అరుణకుమారి, రోజూ బస్సు కోసం పడిగాపులు పడలేక, దాన్ని బాగుచేసుకుంటానని పట్టుబట్టింది. తల్లి చివరికి ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. నూకన్న చెయ్యి ఆ బండి మీద పడకూడదు, నూకన్న పేరు ఆ ఇంట్లో వినపడకూడదు. అసిరయ్యకు ప్రాణస్నేహితుడు నూకన్న. అతను పోవడానికి కొద్ది రోజుల ముందు ఆ బ్రేకు బిగించింది నూకన్నే.

తాళం తీసిన దగ్గర్నుంచీ అరుణ ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిచాయి. మోటారు సైకిలు గురించి ఆమెకు ముందు ఏమీ తెలియదు. లారీ గరాజు ముందు నిలబడి చూసింది. తెలియనిది అడిగింది. నవ్వినవాళ్ళను నవ్వనిచ్చింది. విప్పిన బోల్టు ఏ కన్నంలోంచి వచ్చిందో మర్చిపోకుండా, నేలమీద పాత చీర పరిచి, బండి ఎలా ఉందో అలాగే వాటిని పేర్చుకునేది. ఒకనాడు పక్కింటి గవరమ్మ కోడి ఆ చీర మీద తీరిగ్గా నడిచి వెళ్ళింది. ఏది ఎక్కడిదో వెతుక్కోవడంతోనే ఆ సాయంత్రం అయిపోయింది.

బాగుచేయడమే కాదు, తనకు తగ్గట్టు మార్చుకుంటోంది కూడా. నాన్న పొడగరి. ఆమె కాళ్ళు నేలకు అందవు. అందుకని సీటు కింద స్ప్రింగులు తీసేసి, వడ్రంగి చేత పడాకు చెట్టు చెక్క పల్చగా చెక్కించి వేసింది. నారుమొక్కల ట్రేలు పెట్టుకోవడానికి వెనక ఇనప చట్రం అతికించుకుంది. ట్యాంకు తుప్పు గీకి, పడవలకు వేయగా మిగిలిన నీలం రంగు తెచ్చి పూసి, అంచున ఎర్రగీత లాగింది. గవరమ్మ దడి మీంచి తొంగిచూసి, "ఏమే, దీన్ని రోడ్డు మీద తోల్తావా, నీట్లోకి దించుతావా? తెడ్డు మరిచిపోయినావు" అంది.

గురువమ్మ మాత్రం షెడ్డు గుమ్మం దాటేది కాదు. టీ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి, బండి వైపు చూడకుండా వెళ్ళిపోయేది.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ వాన. రేకుల మీద చప్పుడు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. అరుణ వెనక చక్రం విప్పింది. చక్రం మధ్యలో ఇనప గిన్నె, గిన్నె లోపల అర్ధచంద్రాల్లాంటి బ్రేకు షూల జంట. పెడలు తొక్కితే అవి విచ్చుకుని గిన్నె అంచును ఒరుసుకుంటాయి, చక్రం ఆగుతుంది. ముందు బ్రేకు పేరుకే ఉంది. ఈ బండి ఆగడమంతా ఈ వెనక గిన్నె మీదే.

దాని మూత తీయడానికి అరుణ పానా అందుకుంది. లోపల ఏముంటుందో ఆమెకు తెలుసు. చిన్నప్పటినుంచీ కాలనీ అంతా చెప్పింది. నూకన్న ఎక్కడో పాత ఇనప సామాన్లలో దొరికిన అరిగిపోయిన బ్రేకు ముక్కలు తెచ్చి బిగించాడనీ, స్నేహితుడి ప్రాణం తీశాడనీ.

మూత ఊడి వచ్చింది. అరుణ దీపం దగ్గరికి జరుపుకుని చూసింది.

ముక్కలు అరిగిపోలేదు. వేలు మందాన ఉన్నాయి. కొట్టువాడు వేసిన పసుపు రంగు గుర్తు పక్కన ఇంకా అలాగే ఉంది. స్ప్రింగులు తగిలించిన తీరు, పిన్ను మడిచిన తీరు, అన్నీ గరాజులో ఆమె చూసినట్టే, ఇంకా శ్రద్ధగా ఉన్నాయి. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. గిన్నెను ఒరుసుకునే వైపు మాత్రం ఏదో పూత పట్టి, ఎండిన జిగురులా గోధుమరంగులో మెరుస్తోంది. గోటితో గీకింది. గోటికింద జిడ్డు.

లోపల ఎక్కడో గ్రీజు కరిగి కారి ఉంటుందనుకుంది. జిడ్డు తాగిన ముక్కను మంట మీద పెడితే తాగినదంతా బయటికి కక్కుతుందని గరాజు వాళ్ళు చెప్పడం గుర్తుంది. కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, ముక్కల్ని పటకారుతో మంట మీద పట్టింది. కాసేపటికి చిన్న చిన్న బుడగలు పైకి లేచాయి. పొగ వచ్చింది.

ఆ పొగ ముక్కుకు తగలగానే అరుణ చెయ్యి ఆగిపోయింది.

అది గ్రీజు వాసన కాదు, పెట్రోలు వాసన కాదు. కాలనీలో పుట్టిన ఏ పిల్లకూ ఆ వాసన చెప్పనక్కర్లేదు. ఎండలో బోర్లించిన పడవల వాసన, తాత చేతుల వాసన, మోకాళ్ళ నొప్పులకు అమ్మ రాసుకునే సీసా వాసన.

అప్పుడే వంటింటి వైపునుంచి తల్లి గొంతు వినిపించింది. "ఎవులే, ఆదోరం పూట సొర నూనె కాస్తన్నారు? గవరమ్మా, నువ్వేనా?"

అరుణ స్టవ్వు ఆర్పేసింది. పొగ ఆగలేదు. తల్లి చేపలు తోముతున్న చేతులతోనే వచ్చి గడప దగ్గర నిలబడింది. వాసన షెడ్డులోంచే వస్తోందని తెలిశాక ఆమె మొహంలో కోపం రాలేదు. ఎప్పటిదో మంచి సంగతి ఎదురొచ్చినట్టు మెత్తబడింది.

"వాసన పోద్దేటి మరి," అంది. "నానే కదా రాసీదాన్ని."

గడప మీద కూర్చుని చెప్పుకుపోయింది. ఉప్పుగాలికి ఇనుము నిలవదట. లంగరైనా, గేలమైనా, తలుపు కీలైనా సొరచేప నూనె తాగితేనే బతుకుతుందని ఆమె తండ్రి చెప్పేవాడట. బండి ఇంటికొచ్చిన నాటినుంచీ శుక్రవారం శుక్రవారం గుడ్డ ముంచి, పడవ చెక్కలకు పట్టించినట్టు దానికి ఒళ్ళంతా పట్టించేదట. బండి దీపానికి బొట్టు పెట్టేదట. అసిరయ్య నవ్వేవాడు గాని వద్దనేవాడు కాదట.

అరుణ, పైపైనే రాసేదానివా అమ్మా అని అడిగింది. ఆ మాట వీలైనంత మామూలుగా అడగాలని చూసింది.

"పైపైనే. బ్రేకు కొత్తది ఏసినాక మాత్రం ఒకటే కీచు. తెల్లారగట్ల ఆయన ఎల్తంటే వీధి వీధంతా లేచి తిట్టీవోరు. అదిగో, ఆ కమ్మీ లోపలికి దూరుతున్నాది సూడు, అక్కడ పోసీదాన్ని. పోయగా పోయగా నోరు మూసింది. మీ నాన్న అడిగినాడు, ఏటే, బండి మూగదైపోనాదీ అని. నాను సెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను."

"ఆఖరుగా ఎప్పుడు పోశావు?"

తల్లి కళ్ళు నిండాయి. అరుణ భయపడిన కారణానికి కాదు. ఆ రోజు గుర్తొచ్చి. "ఆ తెల్లారే. ఆయన ఎక్కే ముందర. నిండా పోసినాను, దూరం ఎల్తాడు కదా అని."

చేతులకు పొలుసులున్నాయని మోచేతితో కళ్ళు తుడుచుకుంది. ఎప్పటిలాగే పేరెత్తకుండా, ఆడి సెయ్యి ఇరిగిపోను అని ఒక మాట అనుకుంది. అన్నం పొంగిపోతుందని లేచి వెళ్ళిపోయింది.

అరుణ చేతిలో పటకారు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. నూనె తగిలిన బ్రేకు పట్టదని గరాజులో ఆమెకు చెప్పిన మొదటి పాఠం. గిన్నె మీద వేలు పెట్టబోతే చెయ్యి లాగేశారు, వేలికున్న జిడ్డు కూడా తగలనివ్వకూడదని. ఇక్కడ ఒక సీసా. రోజుకు కాస్త. ఆఖరి రోజు నిండా. ఆ కీచుమన్న చప్పుడే బ్రేకు బాగా పడుతోందన్న గుర్తు. అది మూగబోయిన ఉదయం నాన్న సిప్పీఘాట్ దిగుడు దిగాడు. అమ్మ వాకిట్లో నిలబడి నవ్వింది.

ఎనిమిదేళ్ళుగా నూకన్నను ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. వలలో చేపల వాటా ఇవ్వలేదు. అతని పొయ్యికి నిప్పు ఇవ్వలేదు. పెద్దలు ఆ రోజు అతణ్ణి గంగమ్మ దీపం ముందు ప్రమాణం చెయ్యమన్నారు, నా చెయ్యి తప్పు చేయలేదు అని. నూకన్న నోరు విప్పలేదు. తలవంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడమే ఒప్పుకోలు అయింది.

అరుణ చల్లారిన ముక్కల్లో ఒకదాన్ని పాత కాగితంలో చుట్టుకుంది. బోల్టు ఒకటి కొనుక్కొస్తానని తల్లికి చెప్పి, గొడుగు తీసుకుని బస్సెక్కింది.

ఫీనిక్స్ బే జెట్టీలో అప్పుడే హేవ్‌లాక్ దీవి పడవ వచ్చి ఆగింది. కూలీలు హటో హటో అని జనాన్ని తప్పిస్తూ వక్కల బస్తాలు మోస్తున్నారు. నూకన్న వాళ్ళలోనే ఉన్నాడు. సముద్రం మీద పుట్టినవాడు, ఇప్పుడు పడవల్లోంచి సరుకు దించుతాడు గాని పడవెక్కడు. టికెట్ల వరసలో నిలబడ్డప్పుడల్లా అతను కనిపిస్తే అరుణ మొహం తిప్పుకునేది. చిన్నప్పుడు ఆమెను బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పింది అతనే. బండిని ఇద్దరూ కలిసి, ఎవరిదగ్గరా నేర్చుకోకుండా, విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నవాళ్ళు, అతనూ నాన్నా.

"చిన్నాన్నా," అంది.

నూకన్న బస్తా దించాడు. ఆ పిలుపు మరెవరినో అన్నట్టు వెనక్కి చూసుకున్నాడు. తర్వాత, "ఎందుకొచ్చినావు? మీ యమ్మకి తెలిస్తే ఊరుకోదు," అన్నాడు.

అరుణ కాగితం విప్పింది.

అతను ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూడలేదు. అరుగుదల ఎంతుందో వేలితో తడిమి చూడలేదు. తిన్నగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

తెలియనివాడు చూస్తాడు. తెలిసినవాడే వాసన చూస్తాడు.

"నీకు తెలుసు," అంది.

"ఎవులు తెరమన్నారు నిన్ను?" నూకన్న గొంతులో కోపం. "బండి తోలుకో, రంగులేసుకో. ఆ గిన్నె ఎందుకు తెరిసినావు?"

పడవల తాడు కట్టే ఇనప గుంజ మీద కూర్చున్నాడు. అరుణ కదలలేదు. అడిగినదానికి సమాధానం వచ్చేదాకా ఆమె వెళ్ళదని అర్థమయ్యాక చెప్పాడు. ఆ రోజు సిప్పీఘాట్ నుంచి బండిని ఇంటిదాకా తోసుకొచ్చింది తనే. వాకిట్లో అందరూ ఏడుస్తుంటే షెడ్డులో ఒక్కడూ ఆ గిన్నె విప్పాడు. తన చేతిలో తప్పేం జరిగిందో చూసుకోవాలని విప్పాడు. వాసన వచ్చింది. మళ్ళీ బిగించేసి బయటికి వచ్చాడు.

"మరి పెద్దలకు ఎందుకు చెప్పలేదు? ప్రమాణం చెయ్యమంటే ఎందుకు చెయ్యలేదు? నీ చెయ్యి తప్పు చెయ్యలేదు కదా."

నూకన్న జెట్టీ కింద నీళ్ళ వైపు చూశాడు. "పెద్దలు ఒకటి అడిగి ఊరుకోరు పిల్లా. రెండడుగుతారు. తప్పు సేసిన సెయ్యి ఎవులిది, సెయ్యమన్న నోరు ఎవులిది. సుక్కాని ఒకడు పడతాడు, ఎటు తిప్పాలో ఇంకొకడు సెప్తాడు. పడవ మునిగితే ఇద్దర్నీ నిలబెడతారు. రెండింట్లో నోటికే ఎక్కువ సిచ్చ."

"అమ్మకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాన్న పడవలకు రాసేవాడని తనే..."

"నాను సెప్పినాను."

వెనక పడవ బూర మోగింది. అరుణ తాను సరిగా వినలేదనుకుంది. నూకన్న మళ్ళీ చెప్పలేదు, ఆ సాయంత్రం గురించి చెప్పాడు. బ్రేకు బిగించిన రెండో రోజు. అసిరయ్య బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. నూకన్న వాకిట్లో రాయి మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గురువమ్మ ఆ కీచు గురించి సణుగుతోంది. కొత్త ముక్కలు నాలుగు రోజులు అలాగే అరుస్తాయని అతనికి తెలుసు. అది చెప్పి ఉంటే సరిపోయేది. హాస్యానికి ఇంకో మాట అన్నాడు.

"సొర నూనె పొయ్యి వదినా, కొండైనా నోరు మూస్తాది అన్నాను. నవ్వినాను. వదిన కూడా నవ్వినాది. బ్రేకులో ఎవులైనా నూనె పోస్తారా? నాకు తెలుసును గనక అందరికీ తెలుసుననుకున్నాను." ముక్కను కాగితంలో మళ్ళీ చుట్టి ఆమె చేతికిచ్చాడు. "సెయ్యి నాది కాదు. నోరు నాదే. ఏటని ప్రమాణం సెయ్యమంటావు?"

అరుణ ఆ పొట్లం చంకలో పెట్టుకుంది. ఇంటిదగ్గర బయల్దేరినప్పుడు ఆమె దగ్గర ఒక భయంకరమైన నిజం ఉంది, దాన్ని అతని ముందు పెట్టి క్షమించమని అడగాలని వచ్చింది. ఇప్పుడు ఎవరు ఎవరిని క్షమించాలో తెలియడం లేదు.

బుధవారం షిప్పుకు విశాఖపట్నం వెళ్ళిపోతున్నానని నూకన్న చెప్పాడు. వీధిలో ఎవరూ పలకరించని బతుకు బతకలేక భార్య ముసలమ్మ ముందే వెళ్ళిపోయింది. తనకూ టికెట్టు అయింది. ఇక తిరిగి రాడు.

"నాను ఎల్లిపోనాక బండి తోలుకో. మీ యమ్మకి మాత్రం సెప్పకు. నా మీదొట్టు. ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకునే బతికింది. ఆ తిట్టు లాగేస్తే దేన్ని పట్టుకుని నిలబడుద్ది?"

అరుణ అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని అతను ఒప్పుకోలుగానే తీసుకున్నాడు. లేచి బస్తా భుజాన వేసుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. వాన జల్లు మొహాన కొడుతున్నా ఆమె జరగలేదు. బుధవారం దాకా నోరు మూసుకుంటే చాలు. షిప్పు వెళ్ళిపోతుంది. అమ్మ తిట్టుకుంటూ, చేపలు తోముకుంటూ, టీ గ్లాసు గడప మీద పెడుతూ ఉంటుంది. ఆ ఆలోచన కాస్త ఊరటగా అనిపించినందుకు ఆమెకే అసహ్యం వేసింది. ఏ పాపమూ ఎరగనట్టు నిప్పూ నీళ్ళూ లేని మనిషిని షిప్పు ఎక్కించి, అదే బండి మీద తను రోజూ పనికి వెళ్తుందా. వెళ్తే ఆ దిగుడులో బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ కీచుమన్న చప్పుడు ఎవరి గొంతులా వినపడుతుంది.

తమ కాలనీ ఉన్న ప్రోతరాపూర్ దగ్గర దిగబోతుండగా గుర్తొచ్చింది. తను తెచ్చింది ఒక్క ముక్కే. రెండోది స్టవ్వు పక్కనే ఉండిపోయింది.

మలుపు తిరిగేసరికి దడి దగ్గర గవరమ్మ కొంగు నెత్తిన వేసుకుని వానలోనే నిలబడి ఉంది. ఆమె మొహంలో హాస్యం లేదు. మెల్లిగా చెప్పింది. అరుణ వెళ్ళిన కాసేపటికి గురువమ్మ, నూనె ఎప్పుడు పోశావని పిల్ల ఎందుకడిగిందో అనుకుంటూ షెడ్డులోకి అడుగుపెట్టిందట. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి. కాలిన ముక్కను చేతిలో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, లారీ తోలే కన్నారావును ఆపి, నాయనా దీనికి నూనె తగిలితే ఏమవుతుందని అడిగిందట. కన్నారావు పాన్ నములుతూ, "బ్రేకుకి నూనె తగిలితే ఇంకేటుంది పెద్దమ్మా, సబ్బు మీద కాలేసినట్టే" అని నవ్వి వెళ్ళిపోయాడట. గురువమ్మ ఏడవలేదట. చేతులు కడుక్కుని, తల దువ్వుకుని, కులపెద్ద యర్రయ్యగారినీ మిగతా పెద్దల్నీ పిలుచుకురమ్మని గవరమ్మను పంపిందట.

"ఏటి జరిగిందే?" అని అడిగింది గవరమ్మ. అరుణ ఆగలేదు.

గుమ్మం ముందు చెప్పులు, గోడకు చేరేసి కారుతున్న గొడుగులు. వరండాలో చాప మీద యర్రయ్య, మరో నలుగురు ముసలివాళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం నూకన్నను తలవంచుకుని నిలబెట్టిందీ వీళ్ళే. గురువమ్మ వాళ్ళ ఎదురుగా నేలమీద కూర్చుని ఉంది. ఆమె ముందు, చాప అంచున, ఆ ముక్క.

"అమ్మా, లోపలికి రా. నీతో మాట్లాడాలి," అంది అరుణ.

గురువమ్మ కూతుర్ని చూసింది. తడిసిన చీర, చంకలో కాగితం పొట్లం. అందులో ఏముందో, అది ఎక్కడిదాకా వెళ్ళి వచ్చిందో ఆమె గ్రహించినట్టే ఉంది. "నువ్వు ఆగు," అంది. యర్రయ్య వైపు తిరిగింది. "వాసన సూడు బాబూ."

యర్రయ్య ముక్కను అందుకున్నాడు. ముక్కు దాకా తీసుకెళ్ళక ముందే ఆయన చెయ్యి గాల్లో ఆగింది. పక్కాయనకు ఇచ్చాడు. అది చేతులు మారుతూ వెళ్ళింది. ఆఖరి ముసలాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇది అసిరిగాడి బండిదా?" యర్రయ్య అడిగాడు.

"ఆయనదే. సెయ్యి నాది. కీచుమంటన్నాదని నానే పోసినాను. నూకన్న ఏసిన ముక్క ఏసినట్టే ఉన్నాది, సూసుకోండి. ఇన్నేళ్ళూ ఆడి ఉసురు నానే పోసుకున్నాను. ఆణ్ణి పిలిపించండి. ఆడి కాళ్ళు పట్టుకుంటాను."

నూకన్నకు పెద్దలు తామే వేసిన శిక్ష అది. యర్రయ్య మొహం బూడిద రంగుకు తిరిగింది. నూకన్న, అని ఏదో అనబోయి ఆగాడు. చేతిలో కర్రను రెండుసార్లు పట్టు మార్చాడు. చివరికి, ఎవరైనా ఫీనిక్స్ బేకి వెళ్ళి అతణ్ణి తీసుకురండి అన్నాడు. ఒక ముసలాయన గొడుగు కోసం లేచాడు.

అరుణ గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. ఒట్టు తను తప్పలేదు. అమ్మే చెప్పింది. పడిపోలేదు, నిలబడే ఉంది. నూకన్న షిప్పు ఎక్కనక్కర్లేదు.

"ఆగు," అన్నాడు యర్రయ్య, గొడుగు విప్పుతున్నాయనతో.

ఆ మాట కటువుగా అనలేదు. తన తాత, ఆయన తాత అడిగినట్టే, అడగక తప్పదు గనక అడుగుతున్నట్టు గురువమ్మ వైపు వంగాడు.

"సెయ్యి తెలిసింది తల్లీ. నోరు ఎవులిది? బ్రేకులో నూనె పొయ్యమని నీకు ఎవులు సెప్పినారు?"

"ఎవులు సెప్తారు బాబూ. మా అయ్య లంగర్లకి..." అంటూ గురువమ్మ ఆగింది. ఆమె నుదురు ముడిపడింది. "కాదు. మా అయ్య బండెప్పుడు సూసినాడు."

"అమ్మా, నువ్వే పోశావు. నీకు నువ్వే అనుకుని పోశావు," అంది అరుణ. పెద్దల ముందు ఆడపిల్ల అడగకుండా మాట్లాడితే తప్పని తెలిసీ అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ గురువమ్మనే చూస్తున్నారు.

గురువమ్మ చూపు వాకిట్లోకి వెళ్ళింది. బావికీ గుమ్మానికీ మధ్య, వానకు నల్లగా తడిసిన రాయి ఒకటి ఉంది. ఎవరైనా వస్తే కూర్చోవడానికి వేసిన రాయి. ఆమె దానివైపే చూస్తోంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. అడిగితే వెతికి మరీ నిజం చెప్పడమే వచ్చు.

"సాయంత్రం పూట," అంది నెమ్మదిగా. "టీ తాగుతా సెప్పినారు ఎవులో. నవ్వుతా సెప్పినారు. మాట గుర్తున్నాది, మనిషి గుర్తు రాటం లేదు. ఉండండి బాబూ."

కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి.

"సొర నూనె పొయ్యి," అంది గురువమ్మ, ఆ నవ్వును మళ్ళీ వింటున్నట్టు. "సొర నూనె పొయ్యి, వదినా..."

ఆ మాటకు ఆమే ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. కాలనీ మొత్తంలో ఆమెను వదినా అని పిలిచిన మనిషి ఒక్కడే.